వాల్వు సాకెట్ ఎటు తిరగాలి? గిటారు ఆంప్లిఫయరు చాసిస్‌కు రంధ్రం పెట్టేముందు తేల్చుకోవలసిన సంగతి

విజయనగరంలో పాత వాల్వు రేడియోలు బాగుచేసిన తరం మెకానిక్కులు దీనిని సాకెట్ అనరు, ‘వాల్వు బేసు’ అంటారు. పేరు ఏదైనా వస్తువు ఒకటే. ఆంప్లిఫయరు భాగాలన్నీ బిగించే రేకు పెట్టెకు, అంటే చాసిస్‌కు గుండ్రటి రంధ్రం పెట్టి, రెండు చిన్న స్క్రూలతో బిగించి, పైనుంచి వాల్వు అనే గాజు గొట్టాన్ని గుచ్చి, కింద నుంచి వైర్లు అతికించే పింగాణీ లేదా బేకలైట్ బిళ్ల అది. గిటారు ఆంప్లిఫయరును సొంతంగా కట్టాలనుకునేవారు ట్రాన్స్‌ఫార్మరు గురించీ, కండెన్సర్ల నాణ్యత గురించీ, స్పీకరు గురించీ నెలల తరబడి ఆలోచిస్తారు గానీ, ఈ బిళ్లను ఏ దిక్కుకు తిప్పి బిగించాలన్నది మాత్రం స్క్రూ బిగించే వేళ చేతికి ఎలా వస్తే అలా కానిచ్చేస్తారు. ప్రతి వైరూ ఎంత పొడవుండాలో, ఏ వైరు ఏ వైరును దాటుకుంటూ వెళ్లాలో ఆ వేళే ఖరారైపోతుంది. తరువాత ఆంప్లిఫయరు గుయ్యిమని మోగుతుందా, కీచుమని కూత పెడుతుందా, శుభ్రంగా పలుకుతుందా అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మా జిల్లాలోని బొబ్బిలి వీణ తయారీ చూసినవారికి ఈ మాట సులువుగా అర్థమవుతుంది. ఏకాండి వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. 24 మెట్లనూ మైనంలో నిలబెడతారు కనుక శ్రుతి కుదరకపోతే మైనాన్ని కరిగించి మెట్టును జరపవచ్చు గానీ, తొలిచిన కర్రను తిరిగి పూడ్చలేము. ఆంప్లిఫయరులో సోల్డరింగు ఆ మైనం వంటిది, రేకులో పడిన రంధ్రం ఆ కర్ర వంటిది. సాకెట్ ఎటు తిరగాలన్నది కర్ర తొలవక ముందు తేలవలసిన లెక్కల్లో చేరుతుంది.

మొదటి చిక్కు పిన్నుల లెక్కలోనే ఉంది. వాల్వు పిన్నుల అంకెలను ఎప్పుడూ కింద నుంచి, అంటే పిన్నులు మన ముఖం వైపు ఉండగా చూసి, గడియారపు ముల్లు తిరిగే సవ్యదిశలో లెక్కిస్తారు. వాల్వును చేతిలోకి తీసుకుని పిన్నుల వైపు నుంచి చూసినా, చాసిస్‌ను బోర్లించి సాకెట్‌ను సోల్డరింగు వైపు నుంచి చూసినా వరుస ఒకటే. అదే సాకెట్‌ను పైనుంచి, వాల్వు గుచ్చే వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క అపసవ్యంగా నడుస్తుంది. మనం వైరింగు పటాన్ని కింద నుంచి చూస్తున్నట్టు గీసుకుంటాం, రంధ్రాల గుర్తులను రేకు పైభాగాన పెడతాం. ఈ రెంటి మధ్య అద్దంలో బొమ్మ తిరగబడినట్టు కుడి ఎడమలు మారిపోతాయి. అందుకని పటాన్ని పలుచటి కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని తిరగేసి రేకు మీద అంటించి గుర్తులు పెట్టడం అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి. మనసులోనే తిప్పి చూసుకోవడం ఎంత అనుభవం ఉన్నవారినైనా ఒకనాడు మోసం చేస్తుంది.

ఇప్పుడు తొమ్మిది పిన్నుల నోవల్ సాకెట్‌ను దగ్గరగా చూద్దాం. గిటారు ఆంప్లిఫయర్లలో తొలి దశకు అందరూ వాడే 12ఎఎక్స్7, అదే యూరోపు పేరుతో ఈసీసీ83, దీనిలోనే కూర్చుంటుంది. వలయాన్ని 36 డిగ్రీల చొప్పున పది భాగాలు చేసి, తొమ్మిదింట పిన్నులు పెట్టి, పదో చోటును ఖాళీగా వదిలారు. ఈ పంపకంలో ఒక అందమైన సంగతి దాగి ఉంది. ఒకటో పిన్నుకు సరిగ్గా ఎదురుగా ఆరు, రెండుకు ఏడు, మూడుకు ఎనిమిది, నాలుగుకు తొమ్మిది నిలుస్తాయి. ఐదుకు ఎదురుగా ఖాళీ చోటు ఉంటుంది. 12ఎఎక్స్7లో రెండు ట్రయోడులు, అంటే సంకేతాన్ని పెంచే రెండు విడి భాగాలు ఉన్నాయి. ఒక్కోదానిలో ఎలక్ట్రాన్లను వదిలేది కేథోడు, చిన్న సంకేతం వెళ్లేది గ్రిడ్డుకు, పెరిగిన సంకేతం బయటికి వచ్చేది ప్లేటు నుంచి. మొదటిదానికి 1 ప్లేటు, 2 గ్రిడ్డు, 3 కేథోడు అయితే, రెండోదానికి 6 ప్లేటు, 7 గ్రిడ్డు, 8 కేథోడు. అంటే సాకెట్‌ను సగం చుట్టు తిప్పితే ఒక ట్రయోడు స్థానంలోకి రెండోది అచ్చంగా వచ్చి కూర్చుంటుంది. బిగించే స్క్రూలు కూడా రెండే, ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, ఒకే జత స్క్రూ రంధ్రాలలో సాకెట్ రెండు విధాలుగా పడుతుంది. తప్పు జరగడానికీ, జరిగిన తప్పును కొత్త రంధ్రం పెట్టకుండా దిద్దుకోవడానికీ ఈ సౌష్ఠవమే కారణం.

దిక్కును నిర్ణయించేవి ముఖ్యంగా మూడు రకాల వైర్లు, వాటి స్వభావాలు వేరు వేరు. వాల్వును లోపలి నుంచి వేడిచేసే హీటరు వైర్లలో 6.3 వోల్టుల ఏసీ కరెంటు పారుతుంది. 12ఎఎక్స్7కు 0.3 ఆంపియర్లు, స్పీకరును నడిపే పవర్ వాల్వులలో 6వి6కు 0.45, ఈఎల్84కు 0.76, ఈఎల్34కు 1.5 ఆంపియర్లు కావాలి. ఇంత కరెంటు మోసే వైరు తన చుట్టూ 50 హెర్ట్‌జ్ అయస్కాంత క్షేత్రాన్ని పరుస్తుంది కనుక, రెండు వైర్లనూ బిగువుగా మెలిపెట్టి చాసిస్ మూలకు ఆనించి నడపాలి. గ్రిడ్డు వైరు దీనికి పూర్తిగా భిన్నం. అందులో కరెంటు దాదాపు ఉండదు, గిటారు నుంచి వచ్చే అతి చిన్న సంకేతం మాత్రమే ఉంటుంది. దాని ఇంపెడెన్సు, అంటే ఏసీ సంకేతానికి అడ్డుపడే గుణం, ఎక్కువ కావడం వల్ల పక్కన ఏది కదిలినా ఆ వైరు వింటుంది. ప్లేటు వైరు మూడో రకం. గ్రిడ్డు దగ్గర చిన్నగా ఉన్న సంకేతం పెరిగి పెద్దదై బయటికి వచ్చేది ఇక్కడే కాబట్టి, ఆ వైరు తన పక్కవాటికి గట్టిగా వినిపిస్తుంది. హీటరు వైరు బోర్డుకు దూరంగా గోడ పక్కనే పోవాలి, గ్రిడ్డు వైరు వీలైనంత పొట్టిగా ఉండాలి, ప్లేటు వైరు వెనకటి దశల గ్రిడ్డు వైర్ల దరికి పోకూడదు.

ప్లేటు, గ్రిడ్డు వైర్లు దగ్గరైతే ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రెండు వేర్వేరు జబ్బులను ఒకటిగా అనుకోవడం చాలాచోట్ల చూస్తున్నాను. 12ఎఎక్స్7 లోపల ఒక ట్రయోడు ప్లేటుకూ గ్రిడ్డుకూ మధ్య సహజంగానే సుమారు 1.7 పికోఫారడ్ల కెపాసిటెన్సు ఉంది, అంటే అక్కడ ఒక అతి చిన్న కండెన్సరు ఉన్నట్టే. దశ సంకేతాన్ని అరవై రెట్లు పెంచుతుంటే, గ్రిడ్డుకు అది అరవై ఒక్క రెట్లు పెద్దదై, నూరు పికోఫారడ్లకు పైగా కనిపిస్తుంది. దీన్నే మిల్లర్ ప్రభావం అంటారు. వైరింగు వల్ల మరో ఒక పికోఫారడ్ చేరినా గ్రిడ్డు మీద మరో అరవై చేరినట్టే. ఇలా ఒకే దశలోని ప్లేటు, గ్రిడ్డు వైర్లు ఒరుసుకుంటే సంకేతం తిరగబడి వెనక్కి వస్తుంది కాబట్టి, కూత రాదు గానీ పైస్వరాల మెరుపు తగ్గి గిటారు మూగగా వినిపిస్తుంది. రెండో దశ ప్లేటు వైరు మొదటి దశ గ్రిడ్డు వైరు పక్కన పోతే సంగతి వేరు. సంకేతం రెండుసార్లు తిరగబడి మళ్లీ మొదటి రూపానికే వస్తుంది, తనను తాను బలపరచుకుంటుంది, వాల్యూము పెంచేసరికి ఆంప్లిఫయరు కీచుమంటుంది. మొదటి జబ్బు చెవికి నెమ్మదిగా తెలుస్తుంది, రెండోది ఇరుగుపొరుగువారికి కూడా వెంటనే తెలుస్తుంది.

ఇక చాసిస్‌ను బోర్లించి ముందు పెట్టుకుందాం. వాల్యూము నాబ్, ఇన్‌పుట్ జాక్ ఉన్న ముందు గోడ మన వైపు ఉంది. వెనక గోడ అవతల ఉంది. సాకెట్లు ఆ వెనక గోడ పక్కన వరుసగా ఉన్నాయి. రెసిస్టర్లు, కండెన్సర్లు అమర్చిన బోర్డు సాకెట్లకూ మనకూ మధ్య ఉంది. ఫెండర్ కంపెనీ చిన్న ఆంప్లిఫయరు చాంప్ 5ఎఫ్1 తరహాలో ఒక 12ఎఎక్స్7, ఒక 6వి6, ఏసీని డీసీగా మార్చే ఒక 5వై3 రెక్టిఫయరు, ఇంతే సరంజామా అనుకుందాం. మొదటిసారి కట్టేవారికి ఇంతకు మించినది అవసరం లేదు.

మా గంటస్తంభం మీది గడియారాన్ని 12ఎఎక్స్7 సాకెట్ మీద పడుకోబెట్టినట్టు ఊహించుకోండి. హీటరు పిన్నులు 4, 5 వెనక గోడను చూడాలి కాబట్టి ఐదో పిన్నును 12 గంటల దగ్గర, ఖాళీ చోటును 6 గంటల దగ్గర, అంటే మన వైపుకు పెట్టాం. అప్పుడు 1 ఏడు గంటలు దాటాక, 2 ఎనిమిదిన్నర దగ్గర, 3 తొమ్మిదిన్నర దగ్గర పడి, మొదటి ట్రయోడు మొత్తం ఎడమవైపు వస్తుంది. 6 ఒంటిగంట దాటాక, 7 రెండున్నరకు కొంచెం ముందు, 8 మూడున్నర దాటాక పడి, రెండో ట్రయోడు కుడివైపు వస్తుంది. ఇన్‌పుట్ జాక్ ఎడమ చివర ఉంటే గిటారు సంకేతం నేరుగా రెండో పిన్నుకు చేరుతుంది, మొదటి ప్లేటు నుంచి బోర్డు మీదికి దిగి, కుడివైపు నుంచి ఏడో పిన్నుకు ఎక్కి, ఆరో పిన్ను నుంచి 6వి6 వైపు సాగిపోతుంది. మనం తెలుగు వాక్యం చదివినట్టే ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ఎక్కడా వెనక్కి మళ్లదు. జాక్ కుడి చివర ఉంటే సాకెట్‌ను తిప్పనక్కరలేదు, రెండు ట్రయోడుల పాత్రలను మార్చి 7ను మొదటి గ్రిడ్డుగా వాడుకుంటే చాలు.

6వి6 కూర్చునే ఆక్టల్ సాకెట్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆర్‌సీఏ 1935లో మెటల్ వాల్వులతో తెచ్చిన ఈ ఎనిమిది పిన్నుల బేసులో నడుమ ఒక కాడ, దాని మీద ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు నుంచి సవ్యంగా 1 మొదలవుతుంది. 6వి6, 6ఎల్6, ఈఎల్34 మూడింటికీ హీటరు 2, 7 పిన్నులు, ప్లేటు 3, స్క్రీను (రెండో గ్రిడ్డు) 4, గ్రిడ్డు 5, కేథోడు 8. గట్టును 12 గంటల దగ్గర, వెనక గోడ వైపు ఉంచితే, 2 కుడివైపు రెండు గంటలు దాటాక, 7 ఎడమవైపు పదికి కొంచెం ముందు పడతాయి కాబట్టి, హీటరు జతకు గోడ వెంట దారి దొరుకుతుంది. 4, 5 పిన్నులు నేరుగా బోర్డును చూస్తాయి కాబట్టి గ్రిడ్డు వైరు అంగుళంలో ముగుస్తుంది. ప్లేటు మూడో పిన్ను నాలుగు గంటల దగ్గర, కుడివైపు పడుతుంది. తొలి దశలు ఎడమవైపు ఉంటే, వందల వోల్టులు ఊగే ఆ వైరు వాటికి పెడముఖంగా, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వైపు వెళ్లిపోతుంది. తొలి దశలు కుడివైపు ఉంటే అదే ప్లేటు వాటి ముఖం మీదే నిలబడుతుంది. అందుకే మొత్తం పటం ఎడమ నుంచి కుడికి సాగాలా, కుడి నుంచి ఎడమకు సాగాలా అన్నది ముందుగా ఆక్టల్ సాకెట్‌ను అడిగి తెలుసుకోవాలని నా అభిప్రాయం. నోవల్ ఎలాగైనా సర్దుకుపోతుంది, ఆక్టల్ సర్దుకుపోదు.

ఈఎల్84తో కట్టేవారికి కూడా జవాబు ఇదే వస్తుంది. అది నోవల్ బేసు వాల్వే అయినా అందులో ఒకే పెంటోడు (ఐదు ఎలక్ట్రోడుల అమరిక) ఉంది. గ్రిడ్డు 2, ప్లేటు 7 ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా నిలుస్తాయి. 4, 5 హీటరు పిన్నులను గోడ వైపు పెడితే గ్రిడ్డు ఎడమకు, ప్లేటు కుడికి వస్తాయి.

ఇదే పద్ధతిని పేరున్న ఆంప్లిఫయర్లలో చూడవచ్చు. వాల్వులు నిటారుగా నిలబడే మార్షల్ హెడ్‌లను (స్పీకరు లేని విడి ఆంప్లిఫయర్లను) ముందు నుంచి చూస్తే ఇన్‌పుట్ జాకులు కుడివైపు ఉంటాయి. వాల్వులు తలకిందులుగా వేలాడే ఫెండర్ కాంబోలలో (స్పీకరు కూడా అదే పెట్టెలో ఉండేవాటిలో) జాకులు ఎడమవైపు ఉంటాయి. పైకి రెండూ ఎదురెదురు పద్ధతుల్లా కనిపిస్తాయి గానీ, మార్షల్ చాసిస్‌ను ముందు గోడ మన వైపే ఉండేలా బోర్లిస్తే, జాకులు ఎడమకు వచ్చి రెండూ ఒకే వరుసలో నిలుస్తాయి. కుడి ఎడమలు అనే మాటకు, ఏ వైపు నుంచి చూస్తున్నామో చెప్పకపోతే, ఈ పనిలో అర్థమే లేదు.

నేను కట్టిన మొదటి ఆంప్లిఫయరులో జరిగినది సరిగ్గా ఈ పొరపాటే. మా వీధి చర్చిలో గిటారు వాయించే కుర్రవాడి కోసం దానిని కట్టాను. పటం సరిగానే గీశాను, ఆక్టల్ సాకెట్లు సరిగానే బిగించాను. తరువాత చాసిస్‌ను పక్కకు తిప్పవలసింది పోయి ముందుకు దొర్లించి బోర్లించాను. అలా చేస్తే ముందు గోడ అవతలికి పోయి వెనక గోడ మన ముందుకు వస్తుంది. అది గమనించకుండా పటంలో ఉన్నట్టే ఖాళీ చోటును నా వైపుకు పెట్టి నోవల్ సాకెట్ బిగించాను, అంటే బోర్డును చూడవలసినది గోడను చూసింది. రెండో పిన్ను కుడివైపుకు పోయింది, ఆరో పిన్ను ఎడమవైపు బోర్డు మీదికి వచ్చింది. ఎడమ నుంచి వచ్చే ఇన్‌పుట్ వైరు సాకెట్‌ను చుట్టి కుడివైపుకు వెళ్లవలసి వచ్చింది, దారిలో రెండో దశ ప్లేటు వైరు పక్కనే అంగుళం మేర పోయింది. వాల్యూము సగం దాటగానే ఆంప్లిఫయరు ఈల వేసినట్టు కూసేది. స్పీకరు నుంచి వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ వైరు విషయంలో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కొసలు తారుమారైనా ఇలాంటి కూతే వస్తుంది కనుక ముందు దానిని అనుమానించి ఆ వైరు ఊడదీశాను. కూత ఆగలేదు. ఎండు వెదురు పుల్లతో ప్లేటు వైరును కొద్దిగా పక్కకు నెట్టినప్పుడు స్వరం మారింది, ఇంకొంచెం నెడితే ఆగిపోయింది. జబ్బు ఎక్కడుందో ఆ పుల్లే చూపించింది. సాకెట్‌ను కదపకుండా ట్రయోడుల పాత్రలు మార్చినా కూత పోయేదే గానీ, హీటరు జత బోర్డు వైపే ఉండిపోయేది. అందుకని తొమ్మిది పిన్నులనూ విప్పి, సాకెట్‌ను సగం చుట్టు తిప్పి, మళ్లీ అతికించాను. ఆ కుర్రవాడు ఈనాటికీ దానినే వాయిస్తున్నాడు.

పుల్ల అని తేలికగా అన్నాను గానీ, ఇలాంటి ఆంప్లిఫయరు లోపల 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుందని, అది ప్రాణం తీయగలదని గుర్తుంచుకోవాలి. స్విచ్ ఆపి ప్లగ్ తీసినా ఫిల్టరు కండెన్సర్లలో ఆ వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

12ఎఎక్స్7 హీటరు ఒక చిన్న ఇబ్బంది పెడుతుంది. 6.3 వోల్టులతో నడపాలంటే 4, 5 పిన్నులను కలిపి ఒక కొస, 9వ పిన్నుకు రెండో కొస ఇవ్వాలి. 4కు ఎదురుగా ఉండే 9 బోర్డు వైపున పడుతుంది కాబట్టి, ఒక వైరు సాకెట్‌ను దాటక తప్పదు. దానిని పక్క నుంచి చుట్టి తేకుండా సాకెట్ నడినెత్తి మీదుగా దాటించాలి. గ్రిడ్డులు 2, 7 ఎదురెదురుగా ఉన్నాయి కనుక నడిమధ్య నుంచి పోయే ఏ గీతైనా రెంటికీ సమాన దూరంలోనే ఉంటుంది. సాకెట్ నుంచి సాకెట్‌కు వెళ్లే భాగమంతా మెలిపెట్టే ఉండాలి. ట్రాన్స్‌ఫార్మరు హీటరు చుట్టకు సెంటర్ ట్యాప్ (చుట్ట నడిమి నుంచి తీసిన కొస) ఉంటే దానిని, లేకపోతే రెండు కొసల నుంచి చెరొక 100 ఓముల రెసిస్టరును ఎర్త్‌కు కలపాలి.

అయినా మోత మిగిలితే అది ఎక్కడిదో గిటారుతోనే తెలుసుకోవచ్చు. సరిగ్గా శ్రుతి చేసిన గిటారులో ఆరో తీగ మూడో మెట్టు 98 హెర్ట్‌జ్ పలుకుతుంది. మోత దాదాపు ఆ స్వరంలోనే ఉండి, రెండూ కలిసి నిమిషానికి వందకు పైగా అలల్లా ఊగుతుంటే అది 100 హెర్ట్‌జ్, రెక్టిఫయరు ఫిల్టరింగు నుంచి వస్తున్నది. ఒక స్థాయి కింద, మంద్రంగా వినిపిస్తే అది 50 హెర్ట్‌జ్. ముందుగా హీటరు వైర్లను, వాటితో పాటు సాకెట్ తిరిగిన దిక్కును అనుమానించాలి. సంగీత కళాశాల ఉన్న ఊరివాళ్లం, స్థాయీభేదం మన చెవికి పట్టకపోదు.

రెక్టిఫయరు సాకెట్ విషయంలో గ్రిడ్డు బెడద లేదు కాబట్టి ఎక్కువ చెప్పవలసింది లేదు. 5వై3కి ప్లేట్లు 4, 6, ఫిలమెంటు (వేడెక్కే తీగ) 2, 8. ప్లేట్లను పవర్ ట్రాన్స్‌ఫార్మరు వైపు తిప్పితే అధిక వోల్టేజీ ఏసీ వైర్లు చాసిస్‌లో ఒక మూలనే ఉండిపోతాయి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. ఆ ఫిలమెంటు చుట్ట అయిదు వోల్టులదే కదా అని తేలికగా తీసుకోకూడదు. డీసీ బయటికి వచ్చేది ఎనిమిదో పిన్ను నుంచే కనుక ఆ రెండు వైర్లూ చాసిస్‌తో పోలిస్తే 300 వోల్టులకు పైనే ఉంటాయి. వాటిని 6.3 వోల్టుల జతతో కలిపి మెలిపెట్టకూడదు.

వాల్వులను పడుకోబెట్టి బిగించే కేబినెట్లలో దిక్కుకు మరో లెక్క కలుస్తుంది. వేడెక్కిన ఫిలమెంటు, సన్నటి గ్రిడ్డు తీగలు ఏళ్లు గడిచేకొద్దీ బరువుకు కిందికి వంగవచ్చు. అవి వంగే దిశలో పక్క ఎలక్ట్రోడు ఉంటే లోపలే తాకుతాయి. అందుకే కొన్ని వాల్వుల డేటా షీట్లలో, అడ్డంగా బిగిస్తే ఫలానా రెండు పిన్నులు నిలువు తలంలో ఉండాలని రాసి ఉంటుంది. అలా రాసి ఉన్నచోట వైరింగు సౌలభ్యం కన్నా ఆ మాటకే విలువ ఇవ్వాలి.

మిగిలినచోట్ల ఈ అవసరాలు ఒకదానితో ఒకటి పేచీ పడితే, తొలి దశ వాల్వుకు గ్రిడ్డు పొట్టితనమే ముఖ్యం, హీటరు వైరు అంగుళం ఎక్కువైనా మెలిక బాగుంటే భరించవచ్చు. పవర్ వాల్వుకు ప్లేటు ఏ వైపు చూస్తుందన్నదే ముఖ్యం. 6వి6జీటీలో ఆరో పిన్నుకు వాల్వు లోపల కనెక్షను ఉండదు కాబట్టి, స్క్రీను రెసిస్టరును 4, 6 పిన్నుల మధ్యే అతికిస్తే బోర్డు మీద చోటు కూడా మిగులుతుంది. గ్రిడ్డుకు వెళ్లే దారిలో పెట్టే రెసిస్టరు బోర్డు మీద కాక పిన్నుకు ఆనుకునే ఉండాలి.

బిగించేటప్పుడు ఒకటో పిన్ను ఎదుట రేకుకు రెండువైపులా చిన్న చుక్క పొడవండి. రంగు చుక్క అయితే సోల్డరింగు వేడికీ స్పిరిటుకూ చెరిగిపోతుంది. మా తీరపు ఉప్పుగాలికి సాకెట్ లోపలి పట్టీలకు చిలుము పడితే ఏదో ఒకనాడు సాకెట్ మార్చవలసి వస్తుంది. అప్పుడు కొత్తది ఎటు తిరగాలో ఆ చుక్కే చెబుతుంది. సోల్డరింగు చేసేంతసేపు, పనికిరాని పాత వాల్వు ఒకటి సాకెట్‌లో గుచ్చి ఉంచితే, పట్టీలు వేడికి పక్కకు ఒరగకుండా పిన్నులకు సూటిగా నిలుస్తాయి.